త్రాటిని తాకని హస్తము

అడ్డగింప నేల లేని మహాసముద్రములమీదుగా పడమటినుండి అహోరాత్రములు దండెత్తివచ్చు ప్రచండమారుతమునకు ముంగిలియైన దక్షిణపుకొస పుంతా అరెనాస్ పురమున, అచటి వేసవికి ముందు గాలి జోరెత్తిన నవంబరు మాసమున, పాదచారులు పట్టుకొని నడచుటకై కూడళ్లయందు త్రాళ్లు కట్టిన శుభతరుణమున, యూట్రోనిచ్ వంశాంబుధిచంద్రుడు దోన్ ఆర్నాల్దో కేకు తెచ్చుటకు బయలువెడలెను.

ఈతని శౌర్యమెట్టిదనగా, ముత్తాత ఈ గాలిలో గొర్రెలను కాచెను; తాత ఓడ నడిపెను; ఈతడు ఆ సంగతులను భోజనవేళ చెప్పును. నిన్నటి విందులో, ఉత్తరాన సాంతియాగోనుండి వచ్చిన బావమరిది రొదోల్ఫో త్రాడు పట్టి వీథి దాటెనని పకపక నవ్వి, బల్ల గ్రుద్ది ఇట్లు శపథము చేసెను:

"త్రాళ్లు ఉత్తరాదివారికి! నా హస్తము త్రాటిని తాకెనా, ఈ వేసవియెల్ల ఈ ఇంటి అంట్లు నేనే తోమెదను గాక; తాకదా, ఈ రొదోల్ఫో తోమును గాక!"

"తోముదువుగానిలే," అన్నది భార్య ఒతీలియా. "ముందు రేపు మా అమ్మ పుట్టినరోజుకి రూబార్బు కేకు పట్రా, పడెయ్యకుండా."

తిరుగుప్రయాణమున, కుడిచేత కేకుపెట్టె, ఎడమచేత తలమీది టోపీ పట్టి, స్వగృహమునకు ఎదుటి కూడలిలో వీరుడు నిలిచెను. గాలి క్రమ్ముకొనెను. గుమ్మమున బావమరిదియు భార్యయు.

"బావా! తాడు పట్టుకో! మేం కళ్ళు మూసుకుంటాంలే!"

"నువ్వు నోర్ముయ్ రా!" అని ఒతీలియా. "ఏమయ్యా, ఆ టోపీ వదిలెయ్! కేకు పోయిందంటే మా అమ్మ నన్ను బతకనివ్వదు!"

అంతట ఆర్నాల్దో గర్జించెను: "ఓరీ పశ్చిమానిలాధమా! నీవు మహాసముద్రములు దాటి వచ్చితివేని, నేను బేకరీ దాటి వచ్చితిని!"

అనిలుడు ప్రత్యుత్తరముగా టోపీని వీథి చివరి జలసంధిలోనికి విసరెను. వీరుడు రెండుచేతుల పెట్టెను రొమ్మున హత్తుకొని, టోపీ పోయిన త్రోవనే తానును జారుచు, వంశప్రతిష్ఠకును జలసమాధికిని నడుమ మిగిలిన ఏకైకోపాయము తోచినవాడై, నోరు తెరచి త్రాటిని కరచెను. కరచి, పీతవలె ప్రక్కప్రక్కకు నడచి, గొంగళివలె మెలికలు తిరిగి, ఆవలి కొసను చేరి, జయధ్వానము సేయనెంచి నోరు విప్పెను. పెట్టుడుపండ్లు త్రాటినే అంటిపెట్టుకొనియుండెను. వాటికై చేయి చాచుటెట్లు? శపథము ఇంకను సజీవము! పండ్లను విడిచి ఇల్లు సొచ్చెను.

అత్తగారు కేకు కోసి, గట్టి అంచును కరకర నమలుచు, "బావుందమ్మా," అనెను.

"చెయ్యి తగల్లేదు బావా, ఒప్పుకున్నాను," అని రొదోల్ఫో అంట్లు తోమలేచెను.

"ఇదిగో, నీకు టీలో నానేసిన రొట్టె," అని ఒతీలియా గిన్నె జరిపెను.

వినుడు, పురజనులారా! ఆర్నాల్దో గెలిచెను! అంట్లంటని హస్తములతో ఆతడు రొట్టె చప్పరించుచుండ, వెలుపల త్రాటిపై ఆతని పండ్లు పడమటిగాలికి ఎదురొడ్డి, యజమానుడు లేకయే, నిర్భయముగా ఇకిలించుచుండెను.