బోర్డుకు చాలని చోటు

చిన్న కంప్యూటర్ బోర్డులో లైనక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు మెమరీ కార్డులో చోటు చాలకపోతే, తగ్గినంత మేరకు పక్కన కూర్చున్న ఉద్యోగి జ్ఞాపకాల్లోంచి తీసుకోవడం ఆ మున్సిపాలిటీ నీటి విభాగంలో మామూలే. ఉత్తర్వుల్లో దాన్ని సర్దుబాటు అంటారు. నిరుడు బిల్లుల సెక్షన్‌లో బోర్డు పెట్టినప్పుడు ఒకాయన తమ్ముడి ముఖం మరిచిపోయాడు. బిల్లులు మాత్రం సక్రమంగా వసూలవుతున్నాయి కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఈసారి వంతు సీనియర్ అసిస్టెంట్ గంటి వామనమూర్తిది. వాల్వులు తెరిచి మూసే పని ఇకమీద అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన బోర్డు చూసుకుంటుంది. ఇంట్లోంచి బయల్దేరినప్పటి నుంచీ ఆయన ఒకే జ్ఞాపకాన్ని తడుముకుంటున్నాడు, కిక్కిరిసిన బస్సులో జేబు తడుముకున్నట్టు. కూతురు జలజ చిన్నప్పుడు, బడి నుంచి భుజాల మీద ఎక్కించుకుని తెస్తుంటే వాన పట్టుకుంది. ఆ పిల్ల తన పలకను ఆయన బట్టతల మీద పట్టి, "నువ్వు తడవకు నాన్నా, జలుబు చేస్తే నన్నెవరు మోస్తారు?" అంది. పలక మీద చినుకులు టపటపమన్నాయి. ఆయన బతుకులో ఆయనకెవరైనా రక్షణగా నిలిచింది ఆ కాసేపే. అదొక్కటీ మిగిలితే చాలు, ఇంకేది పోయినా సరే.

బోర్డులు బిగించే ఏజెన్సీ నుంచి వచ్చిన నఫీసా బోర్డుకు తీగలు తగిలించింది. సూపరింటెండెంట్ పైడిరాజు దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. మొదట ఎక్కించిన లైనక్స్ పనిచెయ్యలేదు.

"ఇది పెద్ద కంప్యూటర్లకు చేసింది సార్. ఈ బోర్డు ప్రాసెసర్ ఆర్మ్ రకం, దీనికి వేరే ఉంటుంది," అని నఫీసా సరైనది ఎక్కించసాగింది. సగంలో ఆగిపోయింది. చోటు చాలదని తెర మీద వచ్చింది.

"పెద్ద కార్డు వేస్తే సరిపోదామ్మా?" అన్నాడు వామనమూర్తి.

"ఎందుకు సరిపోదు సార్? ఎదురు షాపులో దొరుకుతుంది."

"బాగుంది! ఈలోగా రాహుకాలం వచ్చెస్తాది," అన్నాడు పైడిరాజు. "కొబ్బరికాయ కొట్టేసినాక మద్దెలో ఆపుతారేటి? కూకోండి మూర్తిగారూ. నాకు మా అత్తోరి ఊరు పోయింది. హాయిగా ఉన్నాను."

నఫీసా ఆయన వేలికి క్లిప్పు పెట్టింది. ఆయన లోపలున్నవన్నీ సైజుల వారీగా తెర మీదికి వచ్చాయి. అన్నిటికన్నా పైన, దాదాపు మొత్తాన్నీ ఆక్రమించుకుని, భయం ఉంది. లెక్కల మాస్టారి బెత్తం, పై అధికారి బెల్లు, ఎప్పుడూ రాని మెమోలు, అన్నీ అందులోనే.

"ఇది తీసేస్తే ఇలాంటి బోర్డులు పదింటికి చోటు సరిపోతుంది సార్."

"తీసెయ్యమ్మా. నాకొద్దు." ఆయన చాలా కాలానికి గుండెల నిండా ఊపిరి పీల్చాడు.

నఫీసా నొక్కింది. మళ్లీ నొక్కింది. "అనుమతి లేదంటోంది సార్. దీని యజమాని మీరు కాదట."

"మరెవరు?"

"చాలామంది పేర్లున్నాయి."

"నా పేరూ ఉందేటి?" పైడిరాజు తొంగి చూశాడు. ఉంది. "ఉంటాదిలే," అన్నాడు కాస్త గర్వంగా.

ఫైళ్ల సంగతులు ప్రభుత్వానివి. పెళ్లినాటి సంగతులు రెండు కుటుంబాల ఉమ్మడి. వెతగ్గా వెతగ్గా వామనమూర్తి ఒక్కడి పేరు మీదే ఉన్నది ఒకటి తేలింది. వానలో పలక.

"దీనికి ఇద్దరు యజమానులు ఉండేవారు సార్. రెండో పేరు పోయిన వారం తీసేశారు. ఇప్పుడు మీరొక్కరే. సరిగ్గా కావలసినంత సైజు."

అది మాత్రం వద్దు అనబోయాడాయన. ఆ మాట నోటిదాకా రావాలంటే భయాన్ని దాటుకుని రావాలి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఏ మాటా దాన్ని దాటలేదు.

కొనసాగించాలా అని తెర అడిగింది. పైడిరాజు గోడ గడియారం వైపు చూశాడు. ఆ చూపు చూసి వామనమూర్తి వేలు దానంతటదే 'అవును' మీద పడింది.

పచ్చదీపం వెలిగింది. ఎక్కడో వాల్వు తెరుచుకున్న చప్పుడైంది. అందరికీ కొబ్బరి ముక్కలు పంచారు. ఆయన కూడా తిన్నాడు. ఏం పోయిందో తెలియకపోవడం వల్ల నొప్పేమీ లేదు.

సాయంత్రం వాన పడింది. బట్టల షాపులో పనిచేస్తున్న జలజ గొడుగు పట్టుకుని బస్టాపు దగ్గర తండ్రి కోసం నిలబడింది.

"నాన్నా, చిన్నప్పుడోసారి వానలో నీ నెత్తి మీద ఏదో పట్టాను కదూ? ఏంటది? పోయిన వారం మా షాపులో బోర్డు పెట్టారు. అప్పట్నుంచి ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు. నీకైతే గుర్తుంటుంది కదా."

ఆయనకు ఆ వానే గుర్తు లేదు. అయితే తెలియని ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పించడం భయానికి అలవాటే. కూతురి చేతిలో ఉన్నదాన్ని చూసి, "గొడుగే కదమ్మా," అన్నాడు.

"అవునవును, గొడుగే." జలజ మనసు తేలికపడింది.

ఇద్దరూ ఆ గొడుగు కిందే ఇంటికి నడిచారు. రేపు పనికి ఆలస్యం కాకూడదన్న సంగతి మాత్రం ఇద్దరికీ స్పష్టంగా గుర్తుంది.