ఆవిరి కరువు

"ఇకపై ఈ కర్మాగారం నుంచి ఆవిరి వీసమెత్తు కూడా ఆకాశానికి చేరదు!" అని మేనేజరు గారు ప్రకటించారు. ఆకాశం అభ్యంతరం చెప్పలేదు.

పనికి అందకుండా జారిపోయి ఒత్తిడి తగ్గిన ఆవిరి ఇన్నాళ్లూ పైకప్పు మీది గొట్టంలోంచి ఉత్తినే పోయేది. దాన్ని పట్టి, ఒత్తిడి పెంచి, మళ్లీ పనిలో పెట్టే యంత్రం ఇప్పుడు వచ్చింది. మూడేళ్లలో తన ఖరీదు తానే రాబట్టుకుంటుందని గోడకు పటం కూడా కట్టారు. మీట నొక్కారు. యంత్రం గుర్రుమని, రెండుసార్లు దగ్గి, ఊరుకుంది.

"ఆవిరేదయ్యా?"

బాయిలర్ మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. అతనిది పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగం. పర్మినెంటు కాగితం మేనేజరు సంతకం కోసం ఎదురుచూస్తోంది.

"పోవట్లేదండీ. అరిగిన వాల్వులు పోయిన వారమే మార్చేశాను. కావలసినంతే కాస్తున్నాం. బొగ్గు కూడా తగ్గింది."

మెచ్చుకుంటారనుకున్నాడు పాపం!

"ఎవడు మార్చమన్నాడు? వృథా లేకపోతే ఆదా ఎక్కణ్ణుంచి తెస్తాను? ఎల్లుండి ఇంధన పొదుపు బహుమతికి న్యాయనిర్ణేత వస్తున్నారు. ఆయనకేం చూపించను, నీ మొహమా?"

"కడుక్కుని వస్తానండీ."

మధ్యాహ్నానికల్లా మెమో వచ్చింది: 'కంపెనీకి చెందిన వృథాను అనుమతి లేకుండా నిర్మూలించినందుకు సంజాయిషీ ఇచ్చుకోవలెను. అంతవరకు పర్మినెంటు ఉత్తర్వు నిలిపివేయడమైనది.'

సాయంత్రం భార్య మెమో రెండుసార్లు చదివింది.

"ఇన్నేళ్లలో వాళ్లు మిమ్మల్ని ఏదైనా బాగుచెయ్యమని ఎప్పుడైనా అన్నారా?"

"లేదే."

"మరెందుకండీ మీకీ పెత్తనం?"

మర్నాడు మేస్త్రి తుక్కుకుప్పలోంచి అరిగిన వాల్వులు ఏరి తెచ్చి, దొంగసొత్తు దాచేవాడిలా ఒక్కొక్కటే మళ్లీ బిగించాడు. బొగ్గు రెట్టింపు వేయించాడు. న్యాయనిర్ణేత వచ్చే వేళకు ఆవిరి బుసలు కొడుతోంది, యంత్రం తృప్తిగా రంకెలేస్తోంది!

ఆ పెద్దాయన కిందటేడు ఇదే బహుమతి గెలిచిన మరో కర్మాగారం అధిపతి. యంత్రం మీది మీటరు ముల్లు చూశారు, పటం చూశారు, చప్పట్లు కొట్టారు. బొగ్గు వైపు మాత్రం చూడలేదు. ఆ ఊపులో మేనేజరు పర్మినెంటు కాగితం మీద సంతకం గీకేశారు.

కాగితం మడుస్తున్న మేస్త్రిని పెద్దాయన బాయిలర్ చాటుకు తీసుకెళ్లారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"మా దగ్గరా ఇదే యంత్రం, బాబూ. ఆర్నెల్లుగా పస్తులుంటోంది. మావాడొకడు వాల్వులన్నీ బాగుచేసి కూర్చున్నాడు. ఓ నాలుగు రోజులు వచ్చి, కాస్త పాడుచేసి వెళ్తావా?"