ఎర్రజెండా ఎత్తి ఉన్నంతకాలం

"చరిత్రను కాపాడాలంటే ముందు దానికి చోటు ఖాళీ చెయ్యాలి" అని వారసత్వ శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆయన సభలన్నిటికీ మైకు సెట్టు నాదే. మైకువాడు మాటల్లో అర్థం వెతక్కూడదు, మైకు కీచుమనకుండా చూసుకోవాలి. అయినా ఆ రోజు మంత్రిగారి మాటలో నాకు గొప్ప లోతు కనిపించింది.

విషయమేమిటంటే, స్టేషను వెనక పాత రన్నింగ్ రూమ్ ఒకటుంది. ఒకప్పుడు బండి దిగిన డ్రైవర్లు, గార్డులు అక్కడ తిని, పడుకుని, మళ్ళీ బండెక్కేవాళ్ళు. రైల్వేవాళ్ళు దాన్ని వదిలేసి చాలా కాలమైంది. రిటైరైనవాళ్ళు మాత్రం వదల్లేదు. రోజూ సాయంత్రం అక్కడ చేరతారు. పాత లాంతర్లు, విరిగిన సిగ్నల్ చెయ్యి, ఇంజన్ నంబరు పలకలు ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి గోడలకు తగిలించారు. వాళ్ళకు పెద్ద మా మావగారు, అంటే మా ఆవిడ తండ్రి. మాజీ గార్డు. ఆయన పక్కన ఎప్పుడూ బొగ్గన్న ఉంటాడు. ఒకప్పటి ఫైర్‌మన్. ఎన్ని సబ్బులు అరగదీసినా గోళ్ళ కింద నలుపు పోలేదు. ఇంకొకడు గేటు బాబాయ్. జీవితమంతా లెవెల్ క్రాసింగ్ దగ్గర గడిపినవాడు కాబట్టి ఇప్పటికీ వీధి దాటేముందు అటూ ఇటూ చూసి, పక్కవాళ్ళని కూడా ఆపేస్తాడు.

ఆ గది ఉంటేనే వాళ్ళకు సాయంత్రం ఉన్నట్టు. ఇళ్ళల్లో వాళ్ళ కథలు వినే ఓపిక ఎవరికీ లేదు, నాకూ లేదు. మా మావగారి వంతెన కథ పెళ్ళైనప్పటినుంచీ వింటున్నాను. బండి ఇంకా వంతెన మీదే ఉంది.

అలాంటివాళ్ళ మీద మంత్రిగారి చల్లని చూపు పడింది. రైలు జ్ఞాపకాల భవనం కడతామన్నారు. దానికో స్పెషలాఫీసరుని వేశారు. ఆయన స్వయంగా రన్నింగ్ రూమ్‌కి వచ్చి, ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చున్నాడు.

"పెద్దాయనా, పని మీ చేతుల మీదుగానే మొదలవుతుంది. పచ్చజెండా ఊపాలి."

"ఏ బండికి సార్?" అన్నారు మావగారు.

"చరిత్ర అనే బండికి!"

"బ్రేకులు చూశారా?"

ఆఫీసరు పడీపడీ నవ్వాడు. మావగారు నవ్వలేదు. ఆయన నిజంగానే అడిగారు.

సభ రోజు పొద్దున్నే పాత తెల్ల యూనిఫారం ఇస్త్రీ అయింది. మావగారు రెండు జెండాలూ చుట్టి చంకలో పెట్టుకుంటే మా ఆవిడ అడిగింది.

"పచ్చది చాలన్నారుగా నాన్నా?"

"రెండూ ఉంటేనే గార్డునమ్మా. ఒక్కటే పట్టుకెళ్తే ఊరేగింపులో మనిషిని."

సభ కన్నులపండువగా జరిగింది. వేదిక పక్కన పెద్ద తెర కట్టారు. దాని వెనక పాత ఆవిరి ఇంజన్ ఉందని అందరూ అనుకున్నారు. బొగ్గన్నయితే పొద్దుటినుంచీ ఆ తెర వైపే చూస్తూ గాలి పీలుస్తున్నాడు. కార్యక్రమంలో మొదటి అంశం జ్ఞాపకాల కలబోత. మనిషికో నిమిషం ఇచ్చారు. మావగారి కథ వంతెన ఎక్కగానే ఆఫీసరు తానే వచ్చి మైకు తీగ లాగేశాడు. తర్వాత మంత్రిగారు తన జ్ఞాపకాలు చెప్పారు. చిన్నప్పుడు ఒకసారి రైలెక్కారట. ఆ ప్రయాణం చాలాసేపు సాగింది.

ఆఖరికి తెర తొలగింది. ఇంజన్ లేదు. పసుపుపచ్చ పొక్లెయిన్ ఒకటి, మూతి రన్నింగ్ రూమ్ వైపు తిప్పి, చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది.

"ఇదేంటి సార్?" అన్నారు మావగారు.

"పాతది తీసేస్తేనే కదండీ కొత్త చరిత్ర! ఊపండి, ఊపండి," అన్నాడు ఆఫీసరు.

"లోపల మా సామానుంది."

"ఫోటోలు తీసేశాం. మొత్తం కంప్యూటర్‌లో భద్రంగా ఉంది."

గార్డుకో అలవాటుంది. ముందూ వెనకా చూసుకోకుండా పచ్చజెండా తియ్యడు. మావగారు ముందు చూశారు, రన్నింగ్ రూమ్ కనిపించింది. వెనక్కి చూశారు, బొగ్గన్న, గేటు బాబాయ్, మిగతావాళ్ళు కనిపించారు. పచ్చజెండా చంకలోనే ఉంచి ఎర్రజెండా విప్పి పట్టుకున్నారు.

నేనేమో మైకు సరిచేస్తున్నట్టు తల దించుకున్నాను.

కదలబోయిన పొక్లెయిన్ ఆగింది. ఆఫీసరు పరుగున వెళ్ళాడు.

"ఏం, ఎందుకాగావ్?"

"ఎర్రజెండా ఉంది సార్," అన్నాడు డ్రైవరు కుర్రాడు.

"అయితే?"

"మాది గేటు పక్కిల్లు సార్. ఎర్రజెండా దాటి పోతే మా అమ్మ అన్నం పెట్టదు."

మంత్రిగారు వేదిక మీంచి మెల్లగా అడిగారు. "ఏ యూనియన్‌వాళ్ళు?"

"యూనియన్ కాదు సార్, ముసలాయన," అని పీఏ చెవిలో చెప్పాడు. "అరగంట పోతే చెయ్యి నొప్పెట్టి ఆయనే దించేస్తాడు."

మంత్రిగారి సమయస్ఫూర్తి గురించి నేను వేరే చెప్పాలా? కెమెరాలన్నీ ఎర్రజెండా వైపు తిరగడం చూసి మైకు అందుకున్నారు.

"చూశారా క్రమశిక్షణ! ఒక్క జెండాకి ఎంత పెద్ద యంత్రం ఆగిపోయిందో చూడండి! ఈ జెండా ఎత్తి ఉన్నంతకాలం ఆ గోడలో ఒక్క ఇటుక కదలదు. ఇది నా మాట!"

చప్పట్లు మోగిపోయాయి. మంత్రిగారు కారెక్కారు. మాట మర్నాడు పేపర్లన్నిటిలో వచ్చింది.

పీఏ లెక్క తప్పలేదు. అరగంటకి మావగారి చెయ్యి వణికింది. ఆఫీసరు పొక్లెయిన్ వైపు సైగ చేశాడు. అప్పుడు బొగ్గన్న వచ్చి మావగారి ఎదురుగా నిలబడ్డాడు.

"లైను మూసి ఉంది. బండి నిలిచి ఉంది. మనుషులు క్షేమం," అన్నారు మావగారు, డ్యూటీ అప్పగిస్తూ.

"అందుకున్నాను," అన్నాడు బొగ్గన్న. జెండా దిగకుండానే చెయ్యి మారింది.

షిఫ్టు డ్యూటీ అనేదొకటుందని మంత్రిగారికి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత బొగ్గన్న నుంచి గేటు బాబాయ్‌కి, ఆయన నుంచి ఇంకొకరికి, అలా రోజులు గడిచాయి. పేపర్లో పడ్డ మాట కాబట్టి ఆఫీసరు వాళ్ళని తొయ్యలేడు. వెళ్ళమనే ఆర్డరు లేదు కాబట్టి పొక్లెయిన్ కుర్రాడు పోలేడు. వాళ్ళతోనే తిని, వాళ్ళ కథలు విని, డ్యూటీ అందుకోవడం కూడా నేర్చుకున్నాడు. జనం చూడ్డానికి రావడం మొదలెట్టారు. ఆఫీసరు తెలివైనవాడు. "మ్యూజియం అనుకున్న సమయానికి తెరిచాం" అని పైకి రాసి, బయట మంత్రిగారి బొమ్మతో బోర్డు పెట్టించాడు.

బొమ్మ చూసుకోవడానికి మంత్రిగారు మళ్ళీ వచ్చారు. నేను మైకు పెట్టాను. పెద్దవాళ్ళంతా లోపల భోజనానికి కూర్చున్నారు. బయట జెండా పట్టుకున్నది పొక్లెయిన్ కుర్రాడు. మంత్రిగారు అతన్ని గట్టిగా కౌగిలించుకున్నారు.

"జీవితమంతా పట్టాల మీదే గడిపారు! ఆ అనుభవం మీ మొహంలోనే కనిపిస్తోంది."

కుర్రాడికి ఇంకా సంబంధాలు చూస్తున్నారు.

"వీళ్ళకి జీతమెంతిస్తున్నాం?"

"ఏమీ ఇవ్వట్లేదు సార్," అన్నాడు ఆఫీసరు.

"రెట్టింపు చెయ్యండి."

ఆఫీసరు రాసుకున్నాడు. మంత్రిగారు పొక్లెయిన్ ముందు ఆగారు. "ఇదీ?"

"పాతకాలం ఇంజన్ సార్."

మంత్రిగారు దాన్ని భక్తిగా తాకారు. ఫోటో తీశారు. తర్వాత ఆయనకు ఇంకో ఫోటో తట్టింది.

"ఏదీ, ఆ జెండా ఓసారి ఇటివ్వండి."

"డ్యూటీ తీసుకుంటున్నారా సార్?" అన్నాడు కుర్రాడు.

"భేషుగ్గా!"

"లైను మూసి ఉంది. బండి నిలిచి ఉంది. మనుషులు క్షేమం."

"అందుకున్నాను అనాలి సార్," అని పీఏ అందించాడు.

"అందుకున్నాను!" అన్నారు మంత్రిగారు, మైకులో అందరికీ వినపడేలా. కుర్రాడు చేతులు దులుపుకుని భోజనానికి లోపలికి వెళ్ళాడు.

ఫోటోలు అయిపోయాయి. జనం కదల్లేదు, కెమెరాలూ కదల్లేదు. మంత్రిగారు జెండా దించబోయి, తన బొమ్మ కింద బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్న తన మాట చూసి, మళ్ళీ ఎత్తారు. పీఏకి ఇద్దామంటే పీఏ ఫోనులో ఉన్నాడు. ఆఫీసరు నీళ్ళు తేవడానికి వెళ్ళి రాలేదు.

అరగంటైంది. చెయ్యి వణుకుతోంది. మంత్రిగారు నన్ను కళ్ళతో పిలిచి, మైకుకి అందకుండా అడిగారు.

"ఏమయ్యా, లోపల వాళ్ళ తిండి అయిందేమో చూడు."

తలుపు సందులోంచి చూశాను. అయిపోయింది. మా మావగారు చెయ్యి కడుక్కుని, గోడకి చేరబడి, కుర్రాడికి వంతెన కథ మొదలెట్టారు.

"ఇప్పుడే బండెక్కారు సార్," అని చెప్పాను.