డిక్కీలో బాబాయి

శనివారం పొద్దున్నే కారు డిక్కీ తెరిచిన శేషుకుమారికి, అందులో చిన్న బ్యాటరీగా పనిచేస్తున్న తన సొంత బాబాయి గవర్రాజు పూర్తిగా డిశ్చార్జి అయిపోయి కనిపించాడు. కుడివైపు గూట్లో ఎప్పటిలాగే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. కుడిచేతిలో ఎర్ర వైరు, ఎడమచేతిలో నల్ల వైరు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని పిలిస్తే పలకలేదు.

కాకినాడలో హైబ్రిడ్ కారు కొన్నవాళ్ళు చిన్న బ్యాటరీగా ఇంటి మనిషినో, షాపు మనిషినో పెట్టుకోవాలి. వెనక సీటు కింది పెద్ద బ్యాటరీ కంపెనీదే. ఎంత బరువైనా లాగుతుంది గాని, తనంతట తాను నిద్ర లేవలేదు. తలుపు తాళాలనీ, దీపాలనీ, లోపలి కంప్యూటరునీ లేపి, చివరికి దాన్ని కూడా తట్టి లేపడం గవర్రాజు ఉద్యోగం. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. కారు ఇంటికొచ్చిన రోజున, ఎవరూ అడక్కుండానే చెప్పులు విప్పి డిక్కీలోకి ఎక్కాడు.

కబురందుకుని బ్యాటరీల షాపు అబ్బులు వచ్చాడు. శేషుకుమారి భర్త త్రిమూర్తులు గుడ్డ తీసుకుని ముందు అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"మామూలు కారుకైతే ఇంజన్ని ఒక్క ఊపున తిప్పే వస్తాదు కావాలండి," అన్నాడు అబ్బులు. "మీకక్కర్లేదు. బరువు పని పెద్దది చూసుకుంటది. దీనికి కావాల్సింది మెలకువ."

"మా ఆడపడుచు రత్నమాల ఉంది కదా."

"ఆవిడ పొంగుతారండి. మీది బండి లోపలుండే బ్యాటరీ. ఆవిరి వదిలితే కూర్చున్నోళ్ళ కళ్ళు మండుతాయి. ఏదొచ్చినా లోపలే దాచుకునే రకం కావాలి."

"మా తోటికోడలు అచ్చం అంతే."

"ఎడంచేతి వాటం కదండి ఆవిడది. వైర్లు తారుమారైతే కంప్యూటరు కాలిపోద్ది. మా షాపులో ఒక నర్సమ్మ ఉన్నారు. గూటికి సరిగ్గా సరిపోతారు, గ్యారంటీ కూడా ఉంది. పాతది ఇస్తే తగ్గింపండి."

"పాతవాళ్ళనేం చేస్తారు?"

"కరిగించి కొత్తవాళ్ళలో కలుపుతారండి. ఏదీ వృథా పోదు."

శేషుకుమారి చెయ్యి బాబాయి భుజం మీదికి వెళ్ళింది. చిన్నప్పుడు పరీక్షల రోజుల్లో తెల్లారగట్ల తనని లేపింది ఈయనే. గట్టిగా అరిచేవాడు కాదు, బొటనవేలు పట్టుకుని మెల్లగా లాగేవాడు.

"ఒకసారి మీటరు పెట్టి చూడు, అబ్బులూ. వయసైపోయిందని తేలితే తీసుకెళ్ళు. నేను అడ్డు చెప్పను."

అబ్బులు గవర్రాజు రెండు మణికట్లకీ మీటరు తగిలించాడు. ముల్లు చూసి తల అడ్డంగా ఊపాడు.

"వయసు కాదండి. ఎవరో తాగేశారు. బండి ఆపేసి, పెద్దది పడుకున్నాక, ఈయన్నొక్కణ్ణే మేలుకోబెట్టి వాడేశారు. ఆ మనిషెవరో తేలితే నెమ్మదిగా చార్జింగ్ పెట్టుకోవచ్చు. తేలకపోతే మళ్ళీ ఇదే గతి. అంతకంటే నాకిచ్చెయ్యడమే మేలు."

బండికి రెండే తాళంచెవులు. ఒకటి శేషుకుమారి దగ్గరుంది. ఆమె భర్త వైపు తిరిగింది. తుడిచిన అద్దాన్నే త్రిమూర్తులు మళ్ళీ తుడుస్తున్నాడు.

"ఏమండీ," అంది.

త్రిమూర్తులు గుడ్డ మడిచి బానెట్ మీద పెట్టాడు.

"నేనే, శేషూ. ఆఫీసు నుంచి రాగానే పైకి రాబుద్ధి కాదు. బండి ఆపేసి కాసేపు అలాగే కూర్చుంటాను. వెనక నుంచి మీ బాబాయి 'ఏం అల్లుడూ, ఎలా గడిచింది?' అంటాడు. ఇక మొదలెడితే ఆపలేను. మా మేనేజరు నన్నన్న మాటలూ, నేను తిరిగి అనలేకపోయిన మాటలూ, అన్నీ ఆయన మీదే పోశాను. 'ఊఁ, ఆ తర్వాత?' అంటూనే ఉంటాడు. నీకు చెబుదామంటే, నేనొచ్చేసరికి నువ్వూ అడుగంటి ఉంటావు. నిన్న ఆయన 'ఆ తర్వాత' అనలేదు. వింటున్నాడనుకుని చెప్పుకుంటూ పోయాను. నన్ను తిట్టు, పడతాను. ఆయన్ని మాత్రం ఇచ్చెయ్యకు. చార్జింగ్ పెట్టు, పక్కన నేను కూర్చుంటాను. ఈసారి ఆయన చెబుతాడు, నేను వింటాను. నిండాక మళ్ళీ డిక్కీలో పెట్టేద్దాం. సోమవారం నాకు ఆఫీసుంది."