ఎన్ని కావాలని అడిగినందుకు

వీడియో గేముల కంపెనీలవాళ్లు చల్లగా ఉండాలి! లోకంలో ఇంకా కాస్త మర్యాద మిగిలిందంటే అది వాళ్ల చలవే.

ఎలాగంటారా? మా మనవరాలు పోటీల్లో ఆడే ఆటే చూడండి. తుపాకులు, బాంబులు, గొడ్డళ్లు, అన్నీ ఉంటాయి. ఎదుటివాడి తలకాయ ఎగరగొడితే పాయింట్లు. చచ్చినవాడి మీదెక్కి డాన్సు చేస్తే జనం చప్పట్లు. కానీ నోట్లోంచి రాజకీయం ఒక్క ముక్క రాకూడదు! వస్తే పిల్లలు చెడిపోరూ?

పోటీ జరుగుతున్నంతసేపూ మైకులో పడే ప్రతి మాటా వినడానికి కంపెనీ ఒక మిషను పెట్టింది. మా అత్తగారు కూడా తలుపు చాటున నిలబడి కోడళ్ల మాటలు వినేది. పాపం, ఆవిడకైనా మధ్యలో కునుకు పట్టేది. దీనికి అదీ లేదు!

మొన్న సెమీఫైనల్. మణికట్టు వాచిపోయేలా ఏడాదంతా సాధన చేసిన పిల్ల. ఇంకొక్క దెబ్బ కొడితే ఫైనల్లో ఉంటుంది. పొయ్యి మీద పెనం కాలిపోతోంది. నేను పిల్ల ఆడుతున్న గది గుమ్మంలోకి వచ్చి, "ఏమే, ఎన్ని కావాలి?" అని అరిచాను. గుడ్లు.

మిషను చెవికి అది "ఎన్నిక కావాలి" అని వినబడింది.

తెర నల్లబడింది. రాజకీయ నినాదమట. పిల్ల బ్యాన్!

తప్పు మిషనుది కాదు లెండి. మా ఊళ్లో ఎన్నిక ఒకసారి వానలని, ఒకసారి ఎండలని వాయిదా పడుతూనే ఉంది. ఆ మాటెత్తితే పెద్దలకు మంట. పెద్దలకు మంటపుడితే ఆటకు పర్మిషన్ పోతుంది. పర్మిషన్ పోతే అమ్మకాలు పోవూ? కంపెనీకి మాత్రం పొట్ట ఉండదా!

సాయంత్రం కంపెనీ ఆఫీసరు ఫోన్ చేశాడు. పిల్ల స్పీకర్ పెట్టింది.

"ఆటలో రాజకీయాలు వద్దమ్మా. అది మా పాలసీ."

"మరి ప్రారంభోత్సవంలో మంత్రిగారు అంతసేపు తన గొప్పలు చెప్పుకున్నారుగా నాయనా?" అన్నాను.

"అది మర్యాదండీ. రాజకీయం కాదు."

ఎంత చక్కగా విడమరిచాడో చూశారా! మంత్రి నోట్లో ఉంటే మర్యాద, నా నోట్లో పడితే రాజకీయం. ఇంత వయసొచ్చింది, నాకు తెలిసి చస్తేగా?

"మా అమ్మమ్మ అడిగింది గుడ్ల సంగతి సార్," అంది పిల్ల.

"తెలుసమ్మా. కానీ జనం విన్నారు కదా! 'నాకు, మా అమ్మమ్మకు ఎన్నికలు అక్కర్లేదు' అని చిన్న వీడియో పంపండి. రేపే మ్యాచ్ మళ్లీ ఆడిస్తాం."

"గుడ్లని చెప్తాను సార్. అక్కర్లేదని ఎలా చెప్పను?"

"ఒక్క ముక్కేగా! మామ్మగారూ, మీరైనా చెప్పండి. ఈ వయసులో మీకు ఎన్నిక కావాలా?"

అదిగో, అందుకే నేను ఆ కంపెనీని దీవించేది! ఇంటిముందు మురుగు పొంగింది, కుళాయి ఎండింది, వీధి దీపం ఆరింది. ఇన్నేళ్లలో "నీకు ఎన్నిక కావాలా?" అని నన్ను అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. చివరికి అడిగినవాడు, నా నోరు నొక్కడానికి వచ్చినవాడే!

పిల్ల వైపు చూశాను. మెడలో ఇంకా వేలాడుతున్న హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "చెప్పవే అమ్మమ్మా," అంది.

"కావాలి నాయనా," అన్నాను. "గుడ్లు కాదు."