బూటకం కాని బూట్లు

పది గంటలకు వారసత్వ కమిటీ ఆవిడ వస్తుంది. ఎనిమిదింటికే క్లెమ్ ప్యాస్కో నున్నగా గడ్డం గీసుకుని, తండ్రిగారి గొర్రెతోలు బూట్లను గాజుపెట్టెలోంచి బయటికి తీశాడు. న్యూ సౌత్ వేల్స్‌లోని బుర్రాలీ ఊళ్లో ఆ బూట్ల గురించి వినని గొర్రె కూడా లేదు. యుద్ధానికి ముందు, ఉన్ని కత్తిరించే రోజుల్లో ఆయన స్వయంగా కుట్టుకున్నవి మరి. బూటు అసలైనదని తేలితే ప్యాస్కోల రేకుల షెడ్డూ, అందులోని బూట్ల దుకాణమూ నిలుస్తాయి. బూటకమని తేలితే కౌన్సిల్ షెడ్డు కూల్చి క్యారవాన్లు నిలుపుకుంటుంది.

బూట్లు కాస్త కంపు కొట్టాయి. క్లెమ్ వాటిని వేడినీళ్లలో ముంచాడు. కొన్నవాళ్లందరికీ "వేడినీళ్లు తగలనివ్వకండి" అని నలభై ఏళ్లుగా చెప్పిన నోరే అది. చెయ్యి మాత్రం ఎన్నడూ విన్నట్టు లేదు. త్వరగా ఆరాలని పెరట్లో మాంసం కాల్చే పెనం మీద పెట్టాడు. పావుగంటలో అవి బొమ్మకు తొడిగేంత అయ్యాయి. ఉన్ని ఉన్నది, బూటే లేదు.

"థెల్మా! నాన్న కుంచించుకుపోయాడు!"

"మీ నాన్న పోయి ముప్పై ఏళ్లయింది. ఇప్పుడు కొత్తగా కుంచించుకుపోయేదేముంది?" భార్య వంటింట్లోంచే అరిచింది.

క్లెమ్ తన కాళ్లకున్న కొత్త జత విప్పి, దాన్ని పాతదిగా కనిపించేలా చేయడానికి పూనుకున్నాడు. టీ పోశాడు. కుక్క చేత నమిలించాడు. అప్పటికీ వయసు రాలేదని మట్టిలో పడేసి, వాటి మీదుగా ట్రక్కును ముందుకూ వెనక్కూ నడపసాగాడు.

పక్కింటి విల్ఫ్ కంచె మీంచి చూశాడు. ఆ ఊళ్లో మనిషి ఒకేచోట బండిని ఊపుతున్నాడంటే చక్రం కింద పామున్నట్టే లెక్క. విల్ఫ్ పార పట్టుకుని ఒక్క దూకు దూకాడు.

"కదలకురా క్లెమ్, నేనొచ్చా!"

"ఒరేయ్ ఆగరా, అది పాము కాద్రా..."

ఎడమ బూటు రెండు ముక్కలైంది.

"తల తెగింది," అన్నాడు విల్ఫ్ చెమట తుడుచుకుంటూ.

అప్పుడే గేటు తెరుచుకుంది. కమిటీ ఆవిడ ఇంగ్రిడ్ సోమర్ పెనం వంక, పార వంక, వట్టికాళ్ల క్లెమ్ వంక చూసింది.

"వీటిలో మీ నాన్నగారివేవండీ?"

"పెనం మీదవి," అన్నాడు క్లెమ్ నేల చూపులు చూస్తూ. "పొద్దున పెద్దవే."

"అవీ కావులే అమ్మా," అంటూ థెల్మా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అసలువి ఎనభై అయిదులోనే పురుగులు తినేశాయి. ఈయన ఏడుస్తాడని అదే కొలతతో నేనే కుట్టి పెట్టెలో పెట్టా. నలభై ఏళ్లుగా నా కుట్టుకే దండాలు పెడుతున్నాడు."

"ఇక షెడ్డు పోయినట్టే," అని క్లెమ్ మట్టిలో కూలబడ్డాడు.

ఇంగ్రిడ్ నవ్వింది. "ఈ నెలలో పదకొండు మంది 'ఈ బూట్లు మా తాతే కనిపెట్టాడు' అని పాత జతలు చూపించారండీ. ఆ రోజుల్లో తొడుక్కున్నవాళ్లు అరిగేదాకా తొడుక్కుని అవతల పారేసేవాళ్లు. దాచిన జతంటేనే నాకు అనుమానం. మీకీ కుట్టు ఎవరు నేర్పారమ్మా?"

"మామగారే, ఈ షెడ్డులోనే. కొడుక్కి సూదంటే భయం కదా. ఈయన అమ్ముతాడు, నేను కుడతా."

థెల్మా సూది తీసింది. విల్ఫ్ నరికిన బూటు పది నిమిషాల్లో మళ్లీ ఒక్కటైంది. ఆ కుట్టును ఇంగ్రిడ్ వేలితో తడిమి చూసి, "పాత బూటు కాదమ్మా, ఈ షెడ్డులో ఇంకా బతికున్న ఈ పనే వారసత్వం," అంటూ అక్కడికక్కడే షెడ్డును కూల్చకూడదన్న కాగితం మీద సంతకం చేసింది.

షెడ్డు నిలిచింది. గోడమీది ఇత్తడి ఫలకంలో పేరు థెల్మాది. మేకులు నాలుగూ క్లెమ్‌వి.