ఇయ్యాల వంతు ఎవరిది?

ఆ రోజు పొద్దున్న జమున అనుకున్నది ఒక్కటే. జనగామ మార్కెట్ యార్డులో పత్తి రైతుల ముందు, విత్తనాల కంపెనీ వాళ్ళ ముందు తన నివేదిక తనే వినిపించాలి. అది బాగా జరిగితే ఉద్యోగం పర్మనెంటు చేస్తామని ఆమె పనిచేసే హైదరాబాదు కన్సల్టెన్సీ పెద్దలు మాట ఇచ్చారు. ఆ కంపెనీ విత్తనం రైతులు ఎందుకు కొనడం లేదో తెలుసుకోవడానికి నెల్లికుదురు నుంచి చిల్పూరు దాకా కాళ్ళరిగేలా తిరిగింది ఆమే. సకల జనుల సమ్మెకు బస్సులు బందయితే ఆటోలకు వేలాడింది కూడా ఆమే.

కారు ఘట్‌కేసర్ దాటగానే మేనేజరు కృష్ణచైతన్య ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"ప్రెజెంటేషన్ నేనిస్తాను. నువ్వు పక్కన నిలబడు, చాలు."

"ఊర్లల్ల తిరిగింది నేను కద సార్?"

"అదే వద్దంటున్నాను. ఊర్లల్లంట! గిట్లంట, గట్లంట! ఆ యాసతో నోరు తెరిస్తే కంపెనీ పరువేం కావాలి? నేను అడిగేదాకా మాట్లాడకు."

జమునకు అరికాలి మంట నెత్తికెక్కింది. తండాలో లంబాడీ, బళ్ళో తెలుగు, ఎంబీఏలో ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి. ఆ క్షణాన మూడు భాషల్లోనూ ఆమె నోటికొచ్చినవి తిట్లే. పళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

జనగామ చౌరస్తాలో షామియానా కనబడింది. తెల్లదుప్పట్లు పరచిన వేదిక, మైకు, బుట్టెడు పూలదండలు. "ఏర్పాట్లు బానే చేశారే" అని కృష్ణచైతన్య కారు ఆపించాడు.

"సార్, గది మనది కాదు. మార్కెట్ యార్డు ఇంకా ముందట..."

"నీకేం చెప్పాను?"

జమున నోరు మూసుకుంది. ఈసారి కావాలనే మూసుకుంది.

అది తెలంగాణ కోసం నడుస్తున్న రిలే నిరాహార దీక్ష శిబిరం. రోజుకొక సంఘం వంతు. పొద్దున దండలేసుకుని కూర్చుంటారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తారు. ఒక్క రోజు వంతు తెగినా ఊరి పరువు పోయినట్టే. ఆనాటి వంతు హైదరాబాదు నుంచి వస్తామన్న ప్రైవేటు ఉద్యోగులది. ఎండెక్కినా వాళ్ళ జాడ లేదు. శిబిరం చూసుకునే ఐలేశ్ దిక్కుతోచక రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డ సమయానికి హైదరాబాదు కారులోంచి టై కట్టుకున్న మనిషి దిగాడు.

"వచ్చిండ్రా అన్నా! మీ కోసమే సూస్తున్నం. తక్కినోళ్ళేరి?"

"ఎవరూ అక్కర్లేదు. నేనొక్కణ్ణే చాలు" అన్నాడు కృష్ణచైతన్య దర్జాగా.

"శభాష్! ఒక్కడే కూసుంటడట!" అని ఐలేశ్ కేకేశాడు. డప్పులు మోగాయి. వేదిక మీద కూర్చోబెట్టి మెడలో దండలేశారు. క్లయింటు చేస్తున్న మర్యాదలనుకుని కృష్ణచైతన్య మైకందుకున్నాడు.

"ఏళ్ళ తరబడి నష్టపోయారు మీరు. ఆ నష్టం ఇక చాలు. మీకు న్యాయం జరిగేదాకా నేనిక్కణ్ణించి కదలను!"

"జై తెలంగాణ!" అని చౌరస్తా దద్దరిల్లింది. అప్పుడు తలెత్తి బ్యానరు చదివాడు. 

"జమునా, ఏంటిది?"

"దీక్ష సార్. పొద్దుగూకేదాకా తినొద్దు, లేవొద్దు."

లేవబోయాడు. దండ వేసి పక్కనే కూర్చున్న యాకమ్మ అనే పెద్దావిడ చెయ్యి పట్టి లాగింది. "యాడికి బిడ్డా? ఇప్పుడే గద కదలనంటివి!"

మధ్యాహ్నానికి రోడ్డుకు అవతల వంటావార్పు మొదలైంది. ఉద్యమం వాళ్ళు నడిరోడ్డు మీద బగారన్నం వండి వచ్చేపోయేవాళ్ళకు వడ్డిస్తున్నారు. ఆ వాసనకు కృష్ణచైతన్య ప్రాణం విలవిల్లాడింది. అదే సమయంలో ఒక విలేకరి సొంతూరేదని అడిగితే, ఆకలి మీద నిజం చెప్పేశాడు. విజయవాడ.

అంతే. విజయవాడ మనిషి తెలంగాణ కోసం పస్తున్నాడని టీవీల వాళ్ళు ఉరికొచ్చారు. మహబూబాబాద్ నుంచి, భూపాలపల్లి నుంచి శిబిరాల వాళ్ళు జీపుల్లో వచ్చి దండలేశారు. దండల బరువుకు మెడ వంగిన మేనేజరు జమునను పిలిచి గొణిగాడు. "క్లయింట్ ఫోన్లు చేస్తున్నాడు. వెళ్ళి ఏదో ఒకటి చెప్పి రా."

జమున యార్డుకు వెళ్ళింది. ఏదో ఒకటి కాదు, అంతా చెప్పింది, తన తెలుగులోనే. సగంలోనే సోమనర్సయ్య అనే రైతు లేచాడు. "గీ బిడ్డ మా లెక్కనే మాట్లాడుతున్నది. గీమెకు జెప్తం అసలు కత." రైతులు చీకటి పడేదాకా చెప్పారు. విత్తనాల కంపెనీ పెద్ద లేచొచ్చి ఆమెతో చేయి కలిపాడు. ఉద్యోగంలో చేరాక జమున సంతోషపడ్డది ఆ ఒక్క పూటే.

సోమవారం ఆఫీసులో దండల్లో మునిగిన కృష్ణచైతన్య ఫొటో గోడకెక్కింది. మన కారును ఊళ్ళోకి రానివ్వనివాళ్ళే ఇప్పుడు రమ్మంటున్నారని డైరెక్టరు పొంగిపోయాడు. కృష్ణచైతన్యను తెలంగాణ విభాగానికి అధిపతిని చేశాడు. యార్డులో మీటింగు కూడా ఆయన చలవేనన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మరి జమున పర్మనెంటు సంగతి?

"ఇంకో ఆరు నెలలు చూద్దాం సార్" అన్నాడు కృష్ణచైతన్య. "జమునకు స్థానిక పరిస్థితుల మీద అవగాహన రావాలి."

 ఎవడి నేల, ఎవడి అవగాహన? జమున లేచి నిలబడింది. యాస దాచుకోలేదు.

"సార్, ఐలేశన్న పొద్దుగాల ఫోన్ చేసిండు. మన సారును మహబూబాబాదోళ్ళు రేపు దీక్షకు కూసోమంటున్నరు, భూపాలపల్లోళ్ళు ఎల్లుండి. ఏం జెప్పమంటరు?"

"వస్తాడని చెప్పు!" అని డైరెక్టరు బల్ల చరిచాడు. "ఇంతకు మించిన ప్రచారం ఉంటుందా?"

కృష్ణచైతన్య మెడ తడుముకున్నాడు. 

పర్మనెంటూ కాలేదు, కోపమూ తగ్గలేదు గానీ, ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో జమున మారు వడ్డించుకుని మరీ తిన్నది.